కొత్త గట్టు, కొత్త అలవాట్లు

అమ్మడూ,

నువ్వు పంపిన ఫోటోలు చూశాను. వంటింట్లో తెల్ల క్వార్ట్జ్ గట్టు కంటికి నిండుగా ఉంది. అల్లుడుగారు ఫోన్లో "ఇది గ్రానైటు కన్నా గట్టిదట పెద్దమ్మా, దీనికేమీ కాదట" అన్నారు. షాపులో ప్రతివాళ్లకీ చెప్పే మాటే అది. గీతల వరకూ ఆ మాట చాలావరకు నిజం. వేడి దగ్గరికి వచ్చేసరికి మాత్రం నిజం కాదు. గృహప్రవేశానికి ఇంటినిండా చుట్టాలు దిగుతారు, ఎవరి చెయ్యి ఏ గిన్నెను ఎక్కడ దింపుతుందో ఎవరికీ తెలియదు. అందుకే ముందుగానే నాలుగు మాటలు రాస్తున్నాను. ఇద్దరూ ఓసారి నిదానంగా కూర్చుని చదువుకోండి.

ముందు ఆ పలక ఏమిటో తెలుసుకోండి. పాలమూరు వైపు వెళ్తుంటే చేలగట్ల మీద తెల్లగా మెరిసే పలుగురాళ్లు కనిపిస్తాయి చూడు, క్వార్ట్జ్ అంటే అదే. అయితే గ్రానైటులాగా కొండలోంచి దిమ్మగా తీసి కోసిన పలక కాదు మీది. పలుగురాయిని నలగ్గొట్టి, పొడి చేసి, అందులో పాలియెస్టర్ రెజిన్ అనే జిగురూ రంగులూ కలిపి, లోపలి గాలి లాగేసి, అదిరిస్తూ అదిమి, ఆపైన కొద్దిపాటి వేడిలో గట్టిపరుస్తారు. ఈ పద్ధతి ఇటలీలోని బ్రెటన్ కంపెనీది. ఆ యంత్రాలతోనే మన అచ్యుతాపురంలోనూ, షాద్‌నగర్ దగ్గర మేకగూడలోనూ పలకలు తయారై అమెరికా దాకా వెళ్తున్నాయి. డాలస్‌లో మనవాళ్లు పోపు పెట్టుకుంటున్న గట్టు మన గడ్డ మీద పుట్టినదైనా ఆశ్చర్యం లేదు.

ఆ పలక బరువులో రమారమి తొంభై శాతం రాయి, మిగతాది జిగురు. పదో వంతేగా అనుకోకు. జిగురు తేలిక కాబట్టి చోటు లెక్కన చూస్తే దగ్గర దగ్గర ఐదో వంతు దాకా అదే ఆక్రమిస్తుంది. పల్లీపట్టీని గుర్తు తెచ్చుకో. పల్లీలు ఎంత గట్టివైనా వాటిని పట్టి ఉంచేది పాకమే, పాకం చెడితే పట్టీయే చెడుతుంది. ఇక్కడా అంతే. పలుగురాయికి నీ వంటింట్లో శత్రువు లేడు. నిమ్మరసమూ చింతపండు పులుసూ దాన్ని ఏమీ చెయ్యలేవు, కత్తి దాన్ని గీయలేదు. దెబ్బ తినేదల్లా జిగురే. ఇక నుంచి నేను చెప్పే జాగ్రత్తల్లో చాలావరకు ఆ జిగురు కోసమే అని గుర్తుంచుకుంటే చాలు, జాబితాలు బట్టీ పట్టక్కర్లేదు.

అన్నిటికన్నా పెద్ద గండం వేడి. 150 డిగ్రీలు దాటిన వేడి తగలనివ్వవద్దని చాలా కంపెనీలు చెబుతాయి. మన వంట ఆ గీత లోపల ఆగేది కాదు. గారెలు వేగే నూనె 180 దగ్గర ఉంటుంది. చపాతీ పెనం 200 దాటిపోతుంది. అలాంటి మూకుణ్ణి పొయ్యి మీంచి తీసి నేరుగా గట్టు మీద దింపితే అడుగున జిగురు మాడి పసుపుపచ్చగానో గోధుమరంగుగానో చక్రం పడుతుంది. అది మురికి కాదు, తోమితే పోదు. పైపైన పాలిష్ పట్టిస్తానని ఎవరైనా వచ్చినా ఒప్పుకోకు. ఫ్యాక్టరీలో వచ్చిన నునుపు ఇంట్లో రాదు, ఆ చోటు వేరుగా కనిపిస్తూనే ఉంటుంది.

మచ్చ కన్నా ఘోరం పగులు. వేడికి జిగురు రాయి కన్నా చాలా ఎక్కువ వ్యాకోచిస్తుంది. పైగా గిన్నె కింది చోటు మాత్రమే వేడెక్కి చుట్టుపక్కలంతా చల్లగా ఉంటే పలకలో ఒత్తిడి పుడుతుంది. ఆ ఒత్తిడి బలహీనమైన చోటు వెతుక్కుంటుంది. సింకు కోసం, పొయ్యి కోసం కోసిన రంధ్రాల మూలలే ఆ చోటు. అందుకే అంత వేడి లేదనిపించే కుక్కర్ని కూడా దించిన ప్రతిసారీ ఒకే చోట పెట్టే అలవాటు మంచిది కాదు. లోపలి ఆవిరి 120 డిగ్రీలే కావచ్చు, కానీ రోజూ అదే చోట వేడీ చల్లనా మార్చి మార్చి తగిలితే ఏ పలకైనా ఎంతకని ఓర్చుకుంటుంది?

మీ అమ్మకు ఇదంతా కొత్తగా ఉంటుంది. వాళ్లింట్లో ఉన్నది చీమకుర్తి నల్ల గ్రానైటు. అది భూమి లోపలి వేడిలోనే పుట్టిన రాయి, జిగురుతో పని లేనిది. దాని మీద మరిగే సాంబారు గిన్నె దించినా ఏమీ కాలేదు కాబట్టి గట్టంటే గిన్నె దించే చోటని అందరి చేతికీ అలవాటైపోయింది. గ్రానైటుకు నేర్చుకున్న చెయ్యి క్వార్ట్జ్ దగ్గర పొరబడుతుంది. మారాల్సింది ఆ ఒక్క అలవాటే.

దానికి మందు మన ఇళ్లలోనే ఉంది, కుదురు. పొయ్యికి కుడివైపున, చెయ్యి సహజంగా వెళ్లే చోట, ఒక మందపాటి చెక్క పలకో చుట్టకుదురో ఎప్పుడూ ఉండాలి. సొరుగులో దాచుకుంటే లాభం లేదు, వేడి మూకుడు చేత్తో పట్టుకుని సొరుగు ఎవరు తెరుస్తారు? మసిగుడ్డ మడిచి వేస్తే సరిపోతుందని కూడా అనుకోకు, పలచటి గుడ్డలోంచి వేడి దిగిపోతుంది. ఇనప స్టాండు కొంటే కాళ్లున్నది కొను, కింద గాలి ఆడాలి, కాళ్లకు రబ్బరు ఉండాలి.

రైస్ కుక్కరూ, ఎయిర్ ఫ్రయ్యరూ, చిన్న ఓవెనూ గట్టు మీదే కాపురం పెడతాయి. అవి గంటల తరబడి పనిచేస్తుంటే అడుగునుంచి నెమ్మదిగా వేడి దిగుతూనే ఉంటుంది. వాటి కిందా ఒక చెక్క వెయ్యి. గ్యాస్ పొయ్యి కాళ్లు పొట్టివైతే మరో సంగతి కూడా చూసుకోవాలి. పొయ్యి కన్నా వెడల్పాటి గుండిగ పెట్టి పెద్ద మంట మీద వండితే ఆ మంట అడుగున తిరగబడి గట్టు వైపు దిగుతుంది. సంక్రాంతి అరిసెలకీ, పెళ్లి చూపుల నాటి పెద్ద వంటకీ బాల్కనీలో నేల మీద పొయ్యి పెట్టుకోవడమే సుఖం. మనవాళ్లు పిండివంటలకు ఎప్పుడూ కిందే కూర్చున్నారు, నడుముకూ అదే హాయి.

గృహప్రవేశం నాడు పాలు పొంగించేటప్పుడు కొందరు కొత్త గట్టు మీదే ఇటుకలు పేర్చి, పిడకలో చిదుగులో వెలిగిస్తారు. పురోహితుడు గారితో ముందు రోజే మాట్లాడి పెట్టు. పొయ్యి మీద పొంగించుకోవచ్చు, లేదా నేల మీద ఇసుక పోసి ఇటుకలు పెట్టుకోవచ్చు. పాలు పొంగి గట్టు మీద పారితే మాత్రం కంగారు పడకు. పాలవల్ల దానికే ముప్పూ లేదు, నిండుగా పొంగనీ. అలాగే వంటింటి మూలనే దేవుడి పటం పెట్టుకున్నావు కదా, ప్రమిదకూ కర్పూర హారతికీ కింద ఇత్తడి పళ్లెం, ఆ పళ్లేనికి కింద చిన్న పీట ఉండాలి.

ఇక మరకల మాట. క్వార్ట్జ్‌కు గ్రానైటులా సన్నటి రంధ్రాలు ఉండవు కాబట్టి నూనె పీల్చుకోదు. ఏడాదికోసారి సీలర్ పూయాల్సిన పనీ లేదు. పూస్తామని వచ్చేవాళ్లకు డబ్బు దండగ పెట్టకు. అయినా తెల్ల గట్టుకూ పసుపుకూ పడదు. పసుపులోని రంగు నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. అందుకే పసుపునీళ్ల కన్నా ఆవకాయ నూనె మొండిది. ఒలికిన వెంటనే తుడిస్తే ఆనవాలు మిగలదు. రాత్రంతా వదిలేస్తే జిగురులోకి కాస్త లేత పసుపు దిగుతుంది. సబ్బు తగలగానే ఆ మరక ఎర్రబడితే బెదిరిపోకు. పసుపు, సబ్బూ సున్నమూ తగిలితే ఎర్రబడటం దాని గుణం. కడిగేస్తే పోతుంది. మిగిలిన లేత ఛాయ కిటికీలోంచి వచ్చే వెలుతురుకు తనే కొన్నాళ్లకు వెలిసిపోతుంది. తొందరైతే వంటసోడా ముద్దగా కలిపి మెత్తటి గుడ్డతో ఆ చోట మాత్రం మెల్లగా రుద్దు. ఏ కొత్త పదార్థమైనా ముందు కనపడని మూల పరీక్షించి చూసుకో.

రోజువారీ శుభ్రం నిజానికి చాలా తేలిక. గిన్నెలు తోమే ద్రవం రెండు చుక్కలు నీళ్లలో వేసి మెత్తటి గుడ్డతో తుడువు, తర్వాత మంచినీళ్ల గుడ్డ, చివర పొడి గుడ్డ. చాలామంది ఆ చివరి రెండూ ఎగ్గొడతారు. సబ్బు పొర రోజూ ఆరిపోయి పేరుకుంటూ పోతే మెరుపు తగ్గిపోతుంది. పాలిష్ పోయిందేమోనని దిగులు పడేవాళ్లలో చాలామందికి పోయింది పాలిష్ కాదు, మిగిలింది సబ్బు. దోసెల పిండి ఎండి అతుక్కుంటే గోకకు, తడిగుడ్డ కాసేపు కప్పి ఉంచి చెక్క గరిటెతో తోసెయ్యి. బోరునీళ్ల వల్ల కుళాయి చుట్టూ తెల్లచార పేరుకుంటే వెనిగర్‌లో నీళ్లు కలిపి తుడిచి, వెంటనే మంచినీళ్లతో కడిగెయ్యి. స్టీలు పీచూ, గరుకు పచ్చ స్క్రబ్బరూ, ఇత్తడి పూజసామాను తోమే పొడీ గట్టు దగ్గరికి రానివ్వకు. అవి రాయిని గీయకపోయినా దాని చుట్టూ ఉన్న జిగురు నునుపును అరగదీస్తాయి.

గట్టుకు విషంలాంటి మందులు కొన్ని ఉన్నాయి. బాత్రూము యాసిడ్, పైపులో అడ్డం తీసే కాస్టిక్ సోడా పలుకులు, ఓవెన్ కడిగే మందు, బ్లీచింగ్, పెయింటు థిన్నర్, గోళ్ల రంగు తీసే ద్రవం, ఇవేవీ దాని మీద ఒలకకూడదు. ముఖ్యంగా సింకు పైపులో పలుకులు పోసేటప్పుడు నాలుగు గట్టు మీద పడి, వాటికి తడి తగిలితే తెల్లగా పొర లేచిపోతుంది. పోసేముందు చుట్టూ పాత పేపరు పరుచుకో. ఒలికితే ధారాళంగా నీళ్లు పోసి కడుగు, చేతికి తొడుగు మరిచిపోకు. సున్నం కూడా ఘాటైన క్షారమే. నేనొచ్చినప్పుడు నా తమలపాకుల డబ్బా గట్టు మీద కాకుండా హాల్లో పెట్టు, నేనేమీ అనుకోను.

దెబ్బల సంగతి. కత్తితో గట్టు మీదే కూరలు తరిగితే గట్టుకన్నా ముందు కత్తి మొండిబారుతుంది. తెల్లరాయి మీద బూడిదరంగు చారలు పడతాయి, అవి చాలావరకు రాతికి అంటుకున్న స్టీలే. పీట మీద తరుగు. స్టీలు గిన్నెలు ఈడ్చినా అవే చారలు. ఆవకాయ జాడీల అడుగు చూడు, పింగాణీ పూత లేక గరుకుగా ఉంటుంది. జాడీ కింద గుడ్డ వేసి ఉంచు, ఎత్తి జరుపు. గ్రైండరూ అంతే.

నడిమధ్యలో ఎంత గట్టిదైనా పలక అంచులు సున్నితం. కొబ్బరికాయ అంచుకు కొట్టడం, దంచే రోలు అంచు దగ్గర పెట్టి అల్లం వెల్లుల్లి దంచడం, సింకు అంచుకు బరువైన ఇడ్లీ కుక్కరు తగిలించడం, పెచ్చులు ఊడేది వీటివల్లే. పెచ్చు ఊడితే ఆ ముక్క పారెయ్యకు, దాచి పెట్టి పనివాణ్ణి పిలువు. రంగు కలిపిన జిగురుతో పూడ్చవచ్చు, మాడిన మచ్చలా అది శాశ్వతం కాదు. అంచుకు మర బిగించే కొబ్బరికోరు వాడుతుంటే పైనా కిందా రబ్బరు ముక్క పెట్టి బిగించాలి, లేకపోతే నేల మీద పీటకోరే మేలు. అన్నిటికన్నా ముఖ్యం, అటక మీద సామాను కోసమో బల్బు మార్చడానికో గట్టు ఎక్కవద్దు. సింకు ముందున్న సన్నటి పట్టీ మీద మనిషి కాలు మోపితే అక్కడే విరుగుతుంది. ఒక మడత నిచ్చెన కొను.

యుటిలిటీ బాల్కనీలోనూ ఇదే పలక వేయిద్దామా అని అడిగావు. వద్దమ్మా. ఎండకు జిగురు కాలక్రమాన పచ్చబడుతుంది, తెల్లరాయి మీద మరీ తెలుస్తుంది. ఎండ నేరుగా పడే చోట గ్రానైటు వేయించు, బట్టలసోడాకూ బరువు బకెట్లకూ అదే తగినది.

ఇక నేను గట్టిగా చెప్పదలచిన సంగతి. పొయ్యి వచ్చే పలక ఇంకా కోయించి బిగించలేదన్నావు. గట్టు మీద పెట్టుకునే పొయ్యా, లోపల అమర్చే హాబా అన్నది ఇప్పుడే తేల్చుకోండి. కొలతలు ఇచ్చి, మూలలు చదరంగా కాకుండా గుండ్రంగా ఉండేలా, యార్డులోనే నీళ్లు పోస్తూ కోయించండి. ఇంట్లో పొడిగా మిషన్ పెట్టి కోస్తామంటే ఒప్పుకోవద్దు. మూల గుండ్రంగా ఉంటే పగులు వచ్చే అవకాశం తగ్గుతుందన్నది ఒక కారణం. రెండోది అంతకన్నా పెద్దది. పలుగురాయి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది, వస్తే నయం కాదు. గ్రానైటు కన్నా ఈ పలకల్లో సిలికా చాలా ఎక్కువ. వీటిని కోసి కోసి యువకులు జబ్బు పడుతున్నారని ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి వీటి తయారీనీ, అమ్మకాన్నీ, బిగింపునూ నిషేధించింది. బిగించి ఉన్న గట్టు వల్ల ఇంట్లోవాళ్లకు ఏ భయమూ లేదు. భయమంతా కోసే అబ్బాయికి. మీ ఇంటికి వచ్చే పనివాడు మూతికి దస్తీ కట్టుకుని తెల్లటి దుమ్ములో నిలబడితే అది మన పాపమే అవుతుంది. దస్తీ ఆ సన్నటి దుమ్మును ఆపదు. నీళ్లు పెట్టి కోయించడానికి ఇంకో వెయ్యి అడిగినా ఇవ్వండి. రేపు కొత్త పొయ్యి కొని రంధ్రం పెద్దది చేయించాల్సి వచ్చినా ఇదే మాట. అసలు ఆ అవసరం రాకుండా ఇప్పుడే సరిగ్గా ఎంచుకోవడం ఇంకా మంచిది.

బిల్లూ, వారంటీ కాయితమూ, పలక పేరూ నంబరూ ఒకచోట దాచుకోండి. కాయితంలో ఏమి రాశారో చదవండి. వేడి మచ్చలకూ దెబ్బలకూ చాలా కంపెనీలు పూచీ పడవు. కాబట్టి పూచీ మనదే.

పూచీ అన్నానని ఇంట్లో అందరి మీదా కాపలా కాయమని కాదు. మీ అత్తగారు ఊరినుంచి వస్తారు, గట్టు మీద కుక్కరు దించబోతారు. "అత్తయ్యా, అక్కడ పెట్టకండి" అని నువ్వు పరిగెత్తుకెళ్తే ఆవిడ మనసులో పడే మచ్చ గట్టు మీది మచ్చ కన్నా గట్టిది. ఆవిడ చెయ్యి వెళ్లే చోటే చెక్క ఉంటే మాట అనే అవసరమే రాదు. పనమ్మాయి స్టీలు పీచు పట్టుకుంటే కసరకు. గట్టుకని వేరే రంగు గుడ్డ ఇచ్చి, మొదటి రోజు పక్కన నిలబడి ఎలా తుడవాలో చూపించు. తర్వాత ఆమే నీకన్నా బాగా చూసుకుంటుంది. అల్లుడుగారికి ఆదివారం పూట వంట సరదా కదా, చపాతీ పెనం ఎక్కడ దించాలో ఆయనకూ చూపించు.

ఇన్ని జాగ్రత్తలు పడినా ఎప్పుడో ఒకనాడు ఓ చక్రం పడవచ్చు. పడితే ఎవరు చేశారని ఆరా తీయకండి. చల్లగా ఆ చోట ఒక చెక్క పెట్టేసి ముందుకు సాగండి. గట్టు మాసిపోతుందని పోపులూ వేపుళ్లూ తగ్గించి, బయటినుంచి తెప్పించుకు తినే ఇళ్లు నేను చూస్తున్నాను. వాళ్ల గట్టు మెరుస్తూనే ఉంటుంది, వంటే లేదు. మీరు అలా కావద్దు.

ముహూర్తానికి రెండు రోజుల ముందే వస్తాను. రెండు చెక్క పలకలు, రెండు చుట్టకుదుళ్లు, అరడజను మెత్తటి గుడ్డలు నేనే తెస్తాను, మీరు కొనకండి. మడత నిచ్చెన మాత్రం అల్లుడుగారు కొనాలి.

ఇద్దరికీ దీవెనలతో,
మీ పెద్దమ్మ